నూట తొంభై రెండో స్టడ్డు

2024 అక్టోబరు 24, గురువారం, సాయంత్రం నాలుగూ పది. నా జబ్బు ఆ నిమిషంలో మొదలైందంటే డాక్టర్లు ఒప్పుకోరు. కాళ్లలో నరాలు చచ్చిపోవడం అంతకు నాలుగైదేళ్ల ముందే మొదలై ఉంటుందంటారు. నాకు తెలిసింది మాత్రం అప్పుడే కాబట్టి, నా లెక్క అక్కణ్ణించే మొదలుపెడుతున్నాను.

నాకు అరవై మూడేళ్లు. మాది కోనసీమ. బహ్రెయిన్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. మొదటి పదమూడేళ్లు హమద్ టౌన్‌లో ఒక ఇంట్లో పనిచేశాను. తర్వాత ఒక క్లీనింగ్ కంపెనీ తరఫున ఇక్కడి సైనిక కళాశాలకు వచ్చాను. అక్కడి ఫుట్‌బాల్ జట్టు కిట్ గది నాది. జెర్సీలు ఉతకడం, చిరిగితే కుట్టడం, బూట్లు శుభ్రం చేయడం నా డ్యూటీ. ఆట నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. కాని ఏ నంబరు కుర్రాడు ఎటు పక్కకి పడతాడో జెర్సీ మీది గడ్డి మరక చూసి చెప్పగలను. వాళ్లు నన్ను ఖాలా అంటారు. అరబ్బీలో పిన్ని అని.

ఆ గురువారం సీజన్లో మొదటి మ్యాచ్. గ్రౌండ్ చూసుకునే గంగారాం పొద్దున్నే గడ్డికి నీళ్లు ఎక్కువ పెట్టాడు. గ్రౌండ్ మెత్తబడితే బూట్ల అడుగున ఉండే స్టడ్లు మార్చాలి. స్టడ్డంటే మరతో బిగించే లోహపు ముక్క, మన కొలతలో చిన్న రేగికాయంత. పొట్టివి విప్పి పొడుగువి బిగిస్తాం. జతకు పన్నెండు, పదహారు జతలు, మొత్తం నూట తొంభై రెండు. గది గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని విప్పి, గిన్నెలో వేసి లెక్కపెట్టాను. నూట తొంభై ఒకటి వచ్చాయి.

ఒక్కటే కదా అని వదిలేసే వస్తువు కాదది. మర ఉన్న వైపు పైకి ఉండి గడ్డిలో పడితే, దాని మీద పడ్డ కుర్రాడి మోకాలు చీరుతుంది. పొద్దున పది నుంచి అందరి చేతా వెతికించాను. బల్ల కింద చూశాను, వాషింగ్ మిషన్లు లాగించాను, గ్రౌండ్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. గంగారాంది జగిత్యాల వైపు. నన్ను పెద్దమ్మా అంటాడు.

"గడ్డంత దువ్వెనతోటి దువ్వినట్టు దేవులాడిన పెద్దమ్మా. లేదు. గా పిలగాండ్లే ఎవలో జేబుల ఏసుకున్నరు."

"జేబులు కూడా చూశాను. నువ్వు ఆ గోలు వెనకాల చూశావా?"

"చూసిన. రెండుమాట్ల చూసిన. నువ్వు నమ్మవని మూడోమాటు గూడ చూసిన."

మ్యాచ్ మొదలయ్యే ముందు తువ్వాళ్లు తెద్దామని కిట్ గదికి వచ్చాను. ఉతికిన బట్టలుండే గదిలోకి నేను చెప్పుకాలితో వెళ్లను. కంపెనీ ఇచ్చిన నల్లబూట్లు గుమ్మం బయట, ఆ బల్ల కిందే విడుస్తాను. ఈ తొమ్మిదేళ్లూ అదే అలవాటు. బూట్లు విడిచి ఏడెనిమిది అడుగులు వేశానో లేదో వెనకాల గంగారాం పిలిచాడు.

"పెద్దమ్మా, ఆగు. నీ కాలుకేమయింది? నెత్తురు కారుతున్నది."

తెల్ల పలకల మీద నాలుగు ఎర్రటి ముద్రలున్నాయి. నాలుగూ కుడికాలివే. నేను బూట్ పాలిష్ అనుకున్నాను. అతను నా కుడి బూటు ఎత్తి బోర్లించాడు. స్టడ్డు టంగుమని పలక మీద పడింది.

బల్ల మీద విప్పేటప్పుడు అది జారి, కింద విడిచిన నా బూటులోనే పడింది. దాని మీద కాలు పెట్టుకుని నేను ఆరు గంటలు దాన్నే వెతుకుతూ తిరిగాను. బొటనవేలి కింద కండలో మర గుర్తులు చుట్లు చుట్లుగా ఉన్నాయి. అప్పుడు నా మనసులో కలిగింది భయం కాదు. లెక్క సరిపోయిందని తృప్తి.

"నొప్పి లేదా?" అన్నాడు గంగారాం.

"లేదయ్యా."

"గదేంది, నొప్పి లేకపోవుడేంది?"

ఆ ప్రశ్న డాక్టరు అడగవలసింది. మూడు వారాల ముందే గంగారాం అడిగాడు. డెటాల్‌తో కడిగి, పసుపు అద్ది, ప్లాస్టర్ వేసి తువ్వాళ్లు పట్టుకుని వెళ్లాను. ఆ రోజు మావాళ్లు రెండు సున్నాతో గెలిచారు.

నాకు షుగర్ వచ్చి అప్పటికి పద్నాలుగేళ్లు. రోజుకు రెండు మాత్రలు వేసుకునేదాన్ని. అరికాలు పుండు పైకి చూడ్డానికి వారంలో మూసుకుపోయింది. నొప్పి లేదు కాబట్టి పుండు లేదనే నా నమ్మకం. నవంబరులో కార్తీక మాసం వచ్చింది. నాలుగో తేదీ సోమవారం, పదకొండో తేదీ సోమవారం నక్షత్రం కనిపించేదాకా ఉపవాసం ఉన్నాను. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోకూడదని ఆ రెండు రోజులూ మాత్రలు మానేశాను. ఉపవాసం విడిచాక పులిహోర, చలిమిడి తిన్నాను. వీటిలో ప్రతి ఒక్కటీ నాకు సబబుగానే తోచింది.

తర్వాత గదిలో ఏదో వాసన మొదలైంది. తడి బూట్లని గుమ్మం బయట ఎండబెట్టించాను. వాసన పోలేదు. నవంబరు 14, గురువారం, కుడి బూటు కాలికి ఎక్కలేదు. ఒళ్లంతా వణుకు. జట్టు ఫిజియో ఈజిప్టు అతను. కట్లు తీసుకోవడానికి వచ్చి నన్ను చూసి కూర్చోబెట్టాడు. కాలు ఎత్తి పట్టుకుని, వచ్చీరాని హిందీలో చెప్పాడు.

"ఖాలా, కళ్లు మూసుకో. నేను పెన్నుతో కాలు ముట్టుకుంటాను. తగిలినప్పుడల్లా చెప్పు."

కళ్లు మూసుకున్నాను. కాసేపు ఎదురుచూశాను. "ఊఁ, మొదలుపెట్టు బాబూ" అన్నాను.

కళ్లు తెరిచాను. గుమ్మంలో నిలబడ్డ గంగారాం మొహం చూస్తే అర్థమైంది.

"పదిసార్లు గుచ్చిండు పెద్దమ్మా," అన్నాడు.

ఫిజియో కారు తెప్పించాడు. మర్నాడు కార్తీక పౌర్ణమి. ఎల్లుండి వస్తానని చెప్పాను. "ఎల్లుండి నువ్వొస్తావు, కాలు రాదు" అన్నాడు. కారెక్కాను.

హాస్పిటల్లో షుగర్ 412. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 11.2. ఎక్స్‌రే తీశారు. డాక్టర్ బహ్రెయినీ ఆవిడ, నలభై దాటి ఉండవు. పుండులోకి సన్నటి కడ్డీ పెట్టింది. అది లోపల గట్టిగా దేనికో తగిలిన చప్పుడు నాకూ వినిపించింది. "అది ఎముక," అంది. "ఆస్టియోమైలైటిస్ అనుకుంటున్నాను. ఎముకకి ఇన్ఫెక్షన్. ఎమ్మారై చేయాలి."

"నొప్పే లేదు డాక్టరమ్మా," అన్నాను.

"అదే జబ్బు. నొప్పి ఉండుంటే మీరు మూడో అడుగులో ఆగి బూటు విప్పేవారు."

ఎమ్మారైకి ముందు ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. గాజులు, గొలుసు తీశాను. కాలి మెట్టె రాలేదు. నలభై ఒక్కేళ్లుగా ఉన్నది, వాచిన వేలిలో కూరుకుపోయింది. కేరళ నర్సు చిన్న కత్తెర తెచ్చి, నన్ను అడిగి, కత్తిరించి, ఆ ముక్క నా చేతిలోనే పెట్టింది. మా ఆయన అమ్వాజ్‌లో ఒక భవనానికి వాచ్‌మన్. సాయంత్రం వచ్చి కాలు చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"ఎడంకాలిది ఉందిగా. సగం మొగుణ్ణి మిగిలేనన్నమాట."

"మిగిలిన సగం సరిగ్గా ఉంటే చాలు. భోంచేశారా?"

"ఎక్కడే, బస్సు దిగి తిన్నగా ఇక్కడికే వస్తేను."

17వ తేదీన డిబ్రైడ్‌మెంట్ చేశారు. అంటే కుళ్లిన కండ తీసేయడం. చేతి నరంలోకి పిఐసీసీ లైన్ అనే సన్నటి గొట్టం వేసి యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇన్సులిన్ మొదలైంది. వారం తర్వాత బొటనవేలు నల్లబడింది. డాక్టరమ్మ మంచం మీద కూర్చుని చెప్పింది. బొటనవేలు, దాని వెనకాల ఎముకలో కొంత తీయాలి. లోపల ఇంకా పాకి ఉంటే మోకాలి కింద వరకు తీయాల్సి రావచ్చు.

మోకాలి కింద వరకు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. కంపెనీ వీసా రద్దు చేసి పంపేస్తుంది. అంతకంటే ముఖ్యం, నా గదిలో నా కాళ్ల మీద నేను నిలబడను. నేను ఏడవలేదు. పెన్ను అడిగాను.

"ఎంతవరకు తీస్తారో నా కాలి మీద గీయండి."

ఆవిడ గీసింది.

"ఈ గీత దాటాలంటే నన్ను లేపి అడగండి."

"లేపితే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటానో లేదో లేపితే కదా తెలిసేది."

ఆవిడ నవ్వింది. కాని నా కండిషన్ రాసుకుంది. నడుము కింద మత్తు మాత్రమే ఇచ్చి చేస్తానంది, అవసరమైతే అడగడానికి వీలుగా. 26వ తేదీ మంగళవారం ఆపరేషన్ అయింది. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. అడగనందుకు అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు. మర్నాడు డాప్లర్ పరీక్ష చూపించి, "కాలికి రక్తం బాగానే పోతోంది. ఇంక మీ పని ఒక్కటే, ఏమీ చేయకుండా కూర్చోవడం. కుడికాలు నేలకి ఆనకూడదు" అంది.

ఆ పని నాకు రాదని ఆవిడకి తెలీదు.

డిసెంబరులో డిశ్చార్జి చేశారు. కంపెనీ సూపర్‌వైజర్ నేనుండే కార్మికుల క్యాంపుకి వచ్చాడు. "ఖలాస్ మేడం. ఊరెళ్లిపోండి, టికెట్ మేమిస్తాం," అన్నాడు. గంగారాం ఆ మాట మోసుకెళ్లి జట్టు కోచ్‌కి చెప్పాడు. కోచ్ సైన్యంలో ఆఫీసరు, మాటలు తక్కువ. "మా నాలుగో నంబరుకి మోకాలిలో లిగమెంట్ తెగింది. వాణ్ణి ఇంటికి పంపామా?" అని సూపర్‌వైజర్‌ని అడిగాడట. ఆదివారం నుంచి నన్ను గాయపడినవాళ్ల వరసలో రమ్మన్నాడు.

ఆ జట్టులో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఆదివారం పొద్దున పేర్లు పిలుస్తారు. బాగున్నవాడు హాజిర్ అంటాడు. గాయపడినవాడు, తను మళ్లీ ఆడడానికి డాక్టరు ఎన్ని వారాలు చెప్పాడో ఆ అంకె అందరి ముందూ గట్టిగా చెప్పాలి. తగ్గించి చెప్పకూడదు. తర్వాత ఫిజియో గదికి వెళ్లి చెప్పిన పని చేయాలి. అంతకు మించి చేయకూడదు.

డిసెంబరు 22న క్రచెస్ మీద వెళ్లి వరస చివర కూర్చున్నాను.

నాలుగో నంబరు కుర్రాడు "ఇరవై" అన్నాడు.

తర్వాత నన్ను పిలిచారు. "ఎనిమిది," అన్నాను.

"నాకంటే నయం ఖాలా. నాకు కొన్ని ఇచ్చెయ్," అన్నాడు నాలుగో నంబరు. వరసంతా నవ్వింది.

ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లు. ఆట అంటే ప్రాణం. మ్యాచ్ రోజున గీత బయట కుర్చీలో మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చునేవాడు. బంతి తన కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వస్తే చేత్తో తీసి విసిరేవాడు తప్ప కాలితో తన్నేవాడు కాదు. నేను మాత్రం కుర్చీలో కూర్చునే అందరికీ పనులు చెప్పేదాన్ని. అంకె ఎనిమిది నుంచి ఏడు, ఆరు, ఐదు, నాలుగుకి దిగింది.

జనవరి 21, మంగళవారం. నా బదులు వచ్చిన మనిషి తెల్ల జెర్సీల మిషన్లో రెండు మెరూన్ నిక్కర్లు వేస్తున్నాడు. నేను కుర్చీలోంచి "ఆపు ఆపు" అని అరిచాను. మిషన్ల హోరులో అతనికి వినపడలేదు. లేచి వెళ్లాను. క్రచెస్ గోడకే ఆని ఉన్నాయి. తొమ్మిదడుగులు. తొమ్మిదో అడుగులో గుర్తొచ్చింది నాకు కుడికాలు లేనట్టే ఉండాలని. నొప్పి లేదు మరి. కట్టు చూస్తే తడిసింది. అప్పటికే మిషన్ తిరుగుతోంది.

కుట్లు విడిపోయాయి, పక్క వేలిలోకి ఇన్ఫెక్షన్ దిగింది. జనవరి 30న రెండో వేలు తీశారు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు.

"తెల్ల బట్టలన్నా మిగిలాయా?" అంది.

"లేదండి. గులాబీ రంగయ్యాయి."

"అయితే రెండూ పోయాయి."

జట్టు ఆ గులాబీ రంగు జెర్సీల్లోనే తర్వాతి మ్యాచ్ ఆడింది. అవతలి జట్టువాళ్లు "పెళ్లికొచ్చారా?" అని వెక్కిరించారట. ఒకటి ఒకటితో డ్రా అయింది.

ఫిబ్రవరి 9, ఆదివారం నా పేరు పిలిచారు. జనవరిలో నాలుగు అన్న మనిషిని, మూడు వారాల తర్వాత ఒకటి అనాలి. ఆపరేషన్ కన్నా ఆ ఒక్క మాట చెప్పడం నాకు కష్టమైంది. ఎనిమిదని అందామా అని ఒక క్షణం తోచింది. డాక్టరమ్మ చెప్పింది పది.

"పది," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. కోచ్ తల ఊపి తర్వాతి పేరు పిలిచాడు. ఫిజియో గదిలో నాలుగో నంబరు తన కుర్చీ నా పక్కకి జరిపాడు.

"ఖాలా, నాకు పదమూడు. నీకు పది. ఎవరు ముందు లేచి తిరిగితే వాళ్లకి రెండోవాళ్లు నెలరోజులు టీ పెట్టాలి."

"నేను పెట్టే టీలో చక్కెర ఉండదు."

"అందుకే నువ్వే గెలవాలి. నేను పెట్టే టీ తాగుదువు."

ఆ రోజు నుంచి కూర్చోవడమే నా డ్యూటీ అనుకున్నాను. డ్యూటీ అనుకున్నాక అది తేలికైంది. తువ్వాలు తెమ్మంటే ఎవరో ఒకరు తెచ్చేవారు. జెర్సీలు మడత సరిగా లేకపోతే కళ్లు మూసుకునేదాన్ని. మార్చిలో రంజాన్ వచ్చింది. ప్రాక్టీసు ఇఫ్తార్ తర్వాతకి మారింది. మధ్యాహ్నం నేను పెరుగన్నం డబ్బా విప్పి, వాళ్ల ముందు తినడం ఎలాగా అని ఆగాను. నాలుగో నంబరు చూశాడు.

"తిను ఖాలా. మా దగ్గర జబ్బుమనిషికి ఉపవాసం లేదు. అది నియమం. మీకు లేదా?"

"మాకూ ఉంది నాయనా. కాని మేం వినం."

తిన్నాను. ఇన్సులిన్ వేళకి తిన్నాను. ఆ నెలాఖరుకి హెచ్‌బీఏ1సీ 7.1కి వచ్చింది.

ఏప్రిల్ 10, గురువారం డాక్టరమ్మ కట్టు విప్పి, చేతి తొడుగుతో మచ్చ చుట్టూ నొక్కి చూసింది. నాకు తెలియదు కాబట్టి ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను. "మూసుకుంది," అంది. "ప్రత్యేకం చేయించిన బూటుతో నడవండి. మొదటి నెల రోజుకు రెండు గంటలు. రెండున్నర కాదు."

13వ తేదీ ఆదివారం. నాలుగో నంబరు "నాలుగు" అన్నాడు. ఫైనల్ ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. కోచ్ తన వంక చూస్తున్నాడని వాడికి తెలుసు. వాడు ఒక్క అంకె తగ్గిస్తే ఆఖరి పది నిమిషాలైనా దింపేవారేమో. వాడు నాలుగే అన్నాడు. తర్వాత నా పేరు పిలిచారు. క్రచెస్ కుర్చీకి ఆనించి లేచాను. బొటనవేలు లేని కాలు ముందుకి తూలుతుంది, మడమ మీద బరువు వేయాలి. వేశాను.

"హాజిర్," అన్నాను.

ఫైనల్ ఒకటి రెండుతో ఓడిపోయాం. పద్నాలుగు మ్యాచులు, ఎనిమిది గెలుపులు, మూడు డ్రాలు, మూడు ఓటములు. రెండో స్థానం. ఓడిన రోజు జెర్సీలకి గెలిచిన రోజుకంటే మరకలు ఎక్కువ. ఉతికితే వదిలాయి. గులాబీ రంగు మాత్రం వదల్లేదు.

ఇప్పుడు మళ్లీ అదే గదిలో పనిచేస్తున్నాను. ఉతికిన బట్టల గదిలో బూట్లు విడవడం మానలేదు. మెత్తటి అడుగున్న ఇంటిచెప్పులు ఒక జత ఆ గదికే విడిగా పెట్టుకున్నాను. అవి బయటికి రావు కాబట్టి నా ఆచారం చెడలేదు, డాక్టరమ్మ మాటా చెడలేదు. పొద్దున, రాత్రి ఇన్సులిన్. మూడు నెలలకోసారి డాక్టరమ్మ దగ్గరికి. నాలుగో నంబరు ఈ సీజన్ మొదటి మ్యాచ్ ఆడాడు, ఎడంపక్క పడ్డాడు. ఒప్పుకున్న ప్రకారం నెలరోజులు టీ పెట్టాడు. చక్కెర లేకుండా అది మరీ చేదుగా ఉండేది.

షుగర్ ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. బూటులో గానీ చెప్పులో గానీ కాలు పెట్టేముందు చెయ్యి పెట్టండి. చేతికి నొప్పి తెలుస్తుంది, కాలికి తెలియకపోవచ్చు. రోజుకు ఎన్నిసార్లు తొడిగితే అన్నిసార్లూ పెట్టండి.

పోయినవి ఇవి. కుడికాలి బొటనవేలు. దాని వెనక ఎముకలో మూడు సెంటీమీటర్లు. రెండో వేలు. పదమూడు కిలోల బరువు. జనవరిలో తొమ్మిదడుగులకి పది వారాలు. తెల్ల జెర్సీలు పద్దెనిమిది. నేను చూడలేకపోయిన మ్యాచులు ఆరు. ఒక ఫైనల్. మెట్టె పోలేదు, అది బీరువాలో ఉంది, పెట్టుకునే వేలు పోయింది.

డాక్టరమ్మ గీసిన గీత దాటకుండా పోయింది ఇంతే.